ఇల్లు, ఇల్లాలు, వీధి: గోదావరి డెల్టా కథనాల్లో నిలువనీడలేని స్త్రీ

వ్యాససంగ్రహం

ఇల్లులేని స్త్రీ అనగానే లోకం మనసులో ఒక మూసచిత్రం మెదులుతుంది: నా అన్నవారు లేనిది, పనిచేయనిది, నడత చెడినది, ఎవరైనా పెడితే తినేది. గోదావరి డెల్టాతో ముడిపడిన సాహిత్య కథనాలు ఈ చిత్రాన్ని ఎంతవరకు నిలబెట్టాయో, ఎంతవరకు కూల్చాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అరికాళ్ళక్రింద మంటలు’, పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’, చలం ‘మైదానం’ ఇందుకు ప్రధాన ఆకరాలు. జనగణన నిర్వచనాలు, ఆస్తిచట్టాలు, స్త్రీల జీవనకథనాలపై జరిగిన కృషి ఇందుకు నేపథ్యం. ఆశ్రయమిచ్చినవారి చరిత్రను వ్రాసుకున్న సమాజం ఆశ్రయం వెతుక్కున్నవారి చరిత్రను వ్రాయలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: నిరాశ్రయత, స్త్రీల జీవనకథనాలు, గోదావరి డెల్టా, శ్రీపాద, పాలగుమ్మి పద్మరాజు, చలం, మూసభావనలు.

1. ప్రవేశిక

గోదావరి డెల్టా గురించి తెలుగువారి ఊహలో స్థిరపడిన చిత్రం నిండుతనానిది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాత ఈ నేలకు అన్నపూర్ణ అన్న పేరు స్థిరపడింది. వరిచేలు, కొబ్బరితోటలు, మండువా లోగిళ్ళు, వచ్చినవారికి విస్తరివేసే గృహిణులు - ఈ ప్రాంతం మీద వచ్చిన కథలూ చలనచిత్రాలూ పదేపదే చూపినవి ఇవే. ఈ చిత్రానికి కేంద్రం ఇల్లు. ఆ ఇంటికి కేంద్రం ఇల్లాలు.

ఇల్లులేని స్త్రీ ఈ చిత్రంలో ఇమడదు. రాజమండ్రి కోటిలింగాల రేవు మెట్లమీదనో, రైల్వే ప్లాట్‌ఫారం చివరనో, కోవెల ముంగిటనో ఆమె కనిపిస్తూనే ఉంటుంది. కాని ఆమెను చూసే చూపు ఆమెను ఒక మనిషిగా కాక ఒక దృశ్యంగా చూస్తుంది. ఆమె ఎక్కడినుంచి వచ్చింది, ఏ ఇంటినుంచి వచ్చింది, ఆ ఇంట్లో ఆమె ఏమై ఉండేది అన్న ప్రశ్నలు ఆ చూపుకు తోచవు. కథ తెలియనిచోట మూసభావన వచ్చి కూర్చుంటుంది. కాబట్టి మూసభావనను పరీక్షించవలసింది కథతోనే.

ఈ పరిశీలనకు ఎన్నుకున్న రచనలేవీ నిరాశ్రయతను చర్చించడానికి వ్రాసినవి కావు. ఒకటి వితంతుసమస్య కథగా, ఒకటి మనస్తత్త్వ కథగా, ఒకటి స్వేచ్ఛాప్రణయ నవలగా ప్రసిద్ధమయ్యాయి. అయితే మూడింటిలోనూ ఇంటిగడపకు వెలుపల ఒక స్త్రీ ఉంది. ఆమెను ఆ గడపవైపునుంచి కాక, ఆమె నిలబడ్డచోటినుంచి చదివితే ఏమి కనిపిస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. భాషలో దాగిన మూస

తెలుగులో ‘ఇల్లాలు’ అన్న మాటలోనే ఇల్లు ఉంది. ఇంటితో కలిపితే తప్ప ఆలికి గౌరవవాచకం ఏర్పడలేదు. స్త్రీ జీవితదశలను కూడ ఇళ్ళతోనే చెబుతాం: పుట్టిల్లు, మెట్టినిల్లు. వంశాన్ని తెలిపే పేరు ‘ఇంటిపేరు’. అది పెళ్ళితో మారేది స్త్రీకే. ఆడపిల్ల ఎప్పటికైనా ‘ఆడ’పిల్లే, ‘ఈడ’ పిల్ల కాదన్న లోకోక్తి పుట్టింటి హక్కును చమత్కారంగా తుడిచివేస్తుంది. అంటే స్త్రీకి రెండు ఇళ్ళున్నట్టు భాష చెబుతుంది గాని, ఏ ఒక్కటీ ఆమెదని చెప్పదు.

ఇల్లు విడిచిన పురుషుడికి భాష గౌరవమైన పేర్లు ఇచ్చింది: సన్న్యాసి, పరివ్రాజకుడు, యాత్రికుడు, బైరాగి. దేశదిమ్మరి అన్నా అందులో కొంత ముచ్చట ఉంది. ఇల్లు విడిచిన స్త్రీకి మిగిలినవి ‘లేచిపోయినది’, ‘గడప దాటినది’, ‘వీధినపడ్డది’, ‘దిక్కులేనిది’ వంటి మాటలు. మొదటి రెండూ నడతను నిందిస్తాయి. తక్కిన రెండూ జాలిచూపుతాయి. నిందకూ జాలికీ నడుమ, ఆమెను సాటిమనిషిగా పలికే మాట ఒక్కటీ లేదు. నిరాశ్రయ స్త్రీల గురించిన మూసభావనలన్నీ ఈ రెండు ధ్రువాల మధ్యనే తిరుగుతాయి.

పి. సత్యవతి ‘ఇల్లలకగానే పండగౌతుందా?’ కథ ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు తానే మరచిపోయిన గృహిణి కథ అది. ఆమెకు ఇల్లుంది, పేరు లేదు. వీధిలోని స్త్రీకి ఇల్లూ లేదు, లోకం అడిగే పేరూ లేదు. ఈ ఇద్దరినీ ఎదురెదురు కొసలుగా భావించడం అలవాటు. కాని పేరు పోవడమన్న నష్టం దగ్గర ఇద్దరూ కలుస్తారు. నిరాశ్రయత ఇంటికి వెలుపల మొదలవుతుందన్న నమ్మకాన్ని ఈ కలయికే ప్రశ్నిస్తోంది.

3. లెక్కల్లో ఇల్లులేనివారు

భారత జనగణన ఇల్లులేని కుటుంబాన్ని నివాసస్థలాన్నిబట్టి నిర్వచిస్తుంది. జనగణన గృహాల్లో కాక రోడ్డుపక్కన, కాలిబాటలమీద, పెద్ద గొట్టాల్లో, వంతెనల క్రింద, మెట్లక్రింద, ప్రార్థనాస్థలాల్లో, మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాలమీద ఉండేవారు ఈ లెక్కలోకి వస్తారు. 2011 జనగణన ప్రకారం దేశంలో ఇటువంటివారు 17.73 లక్షలమంది. వీరిలో సుమారు 9.38 లక్షలు పట్టణాల్లో, 8.35 లక్షలు గ్రామాల్లో ఉన్నారు. మొత్తంలో స్త్రీలు 7.26 లక్షలకు పైగా ఉన్నారు. అంటే ప్రతి పదిమందిలో నలుగురు.

ఈ అంకె ఒక మూసభావనను వెంటనే కూలుస్తుంది. ఇల్లులేనివాడు అనగానే మనసులో మెదిలేది ఒంటరి పురుషుడు. స్త్రీ ఆ ఊహలో అరుదైన మినహాయింపు. లెక్క చూస్తే ఆమె మినహాయింపు కాదు.

అయితే ఈ నిర్వచనం పట్టుకోలేనిదీ ఒకటుంది. రాత్రిపూట ఎక్కడ పడుకుంటున్నారన్నదే ఇక్కడ ప్రమాణం. బంధువుల వసారాలో పనికి బదులుగా తలదాచుకునే వితంతువు, భర్త వెళ్ళగొడితే అక్కచెల్లెళ్ళ ఇళ్ళమధ్య నెలకొకచోట గడిపే స్త్రీ, యజమాని చేలగట్టుమీది పాకలో అతని దయ ఉన్నంతకాలం ఉండే కూలిమనిషి - వీరందరికీ లెక్కలో ఇల్లుంది. ఆ ఇంట్లో రేపు ఉండగలమన్న భరోసా లేదు. స్త్రీల నిరాశ్రయతలో పెద్దభాగం ఇలా కప్పుక్రిందనే దాగి ఉంటుంది. వీధి దాని చివరి మజిలీ. వీధిలో కనిపించిన క్షణంనుంచి కథ మొదలుపెట్టేవారికి ఆమె అకస్మాత్తుగా ఊడిపడ్డట్టు తోస్తుంది. జీవనకథనం ఆ క్షణానికి ముందున్న ఏళ్ళను తిరిగి కలుపుతుంది.

డెల్టాలో దీనికి మరొక పొర ఉంది. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను వంటి విపత్తులు ఇళ్ళున్నవారిని రాత్రికిరాత్రి ఇల్లులేనివారిని చేశాయి. అటువంటప్పుడు నిరాశ్రయతను ఎవరూ నడతతో ముడిపెట్టరు. అది అందరి కష్టం. అదే స్థితి ఒక స్త్రీకి ఒంటరిగా, నెమ్మదిగా, ఇంటి మనుషులవల్ల సంభవిస్తే మాత్రం ఆమె చేసిన తప్పేమిటని వెతుకుతారు. నష్టం ఒకటే అయినా, ప్రకృతివల్ల జరిగితే బాధితురాలు, మనుషులవల్ల జరిగితే అనుమానితురాలు కావడం ఈ మూసభావన పనిచేసే తీరు.

4. ఆశ్రయదాతల చరిత్ర, ఆశ్రితుల మౌనం

నిరాశ్రయులను ఆదుకున్న ఘనమైన సంప్రదాయం డెల్టాకు ఉంది. కోనసీమలోని లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు సైతం అన్నంపెట్టిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరు నేటికీ ఇంటింటా వినిపిస్తుంది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న తొలి వితంతువివాహం జరిపించారు. వెలివేతను ఎదుర్కొంటూ ఆయనా, భార్య రాజ్యలక్ష్మమ్మా నిరాధార స్త్రీలకు తమ ఇంట చోటిచ్చారు. తరువాత హితకారిణీ సమాజంద్వారా ఆ కృషికి సంస్థారూపం వచ్చింది.

ఈ కృషి గొప్పతనంలో సందేహం లేదు. పరిశీలించవలసింది దాన్ని మనం గుర్తుంచుకున్న పద్ధతిని. సీతమ్మ జీవితచరిత్ర మనకు ఉంది. ఆమె పెట్టిన అన్నం తిన్నవారిలో ఒక్కరి జీవితచరిత్ర లేదు. వీరేశలింగం ‘స్వీయచరిత్రము’ తెలుగు ఆత్మకథాసాహిత్యంలో తొలి మహాగ్రంథం. అందులో వితంతువులు వస్తారు, వివాహాలు జరుగుతాయి, ఊరు అట్టుడుకుతుంది. కాని అది ఆయన స్వీయచరిత్ర కావడంవల్ల సహజంగానే కథనం ఆయన కంటితో సాగుతుంది. రాత్రివేళ ఇల్లు విడిచి వచ్చిన బాలిక ఆ నిర్ణయానికి ఎలా వచ్చింది, దారిలో ఏమి తలచుకుంది అన్నవి ఆ గ్రంథం పరిధిలోనివి కావు. దాత కథలో అర్థి ఒక సందర్భం మాత్రమే.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1891-1961) ‘అరికాళ్ళక్రింద మంటలు’ కథ ప్రాధాన్యం ఇక్కడే ఉంది. పుట్టింట చాకిరీ చేస్తూ నలిగిపోతున్న బాలవితంతువు కథ ఇది. ఇంట్లో ప్రతి ఒక్కరూ పని పురమాయించేవారే. ఒక పని ముగియకముందే మరొకటి. చేసినదానికి మెప్పు లేదు, చేయనిదానికి తిట్టు ఉంది. చివరకు ఆమె ఇల్లు విడిచి, జట్కాలో వీరేశలింగంగారి తోటకు దారిపడుతుంది. వీరేశలింగం కథలో పాత్రగా ముందుకు రాడు. ఆయన తోట ఒక గమ్యంగా ఉంటుంది, అంతే. అదే చరిత్రను శ్రీపాద రెండవవైపునుంచి, అంటే గడపకు లోపలినుంచి, చెప్పాడు.

ఈ కథ కూల్చిన మూసభావనలు రెండు. మొదటిది ‘ఎవరూ లేనివారే వీధినపడతారు’ అన్నది. ఈ బాలికకు తల్లిదండ్రులున్నారు, నిండు ఇల్లుంది. అందరూ ఉండటమే ఆమె కష్టానికి మూలం. ఇల్లు నిండుగా ఉన్నకొద్దీ ఆమె భారం పెరిగింది. రెండవది ‘పనిచేయనివారే ఇల్లులేనివారవుతారు’ అన్నది. ఆ ఇంట్లో అందరికంటె ఎక్కువ పనిచేసేది ఆమే. ఆమె చేసిన చాకిరీకి ఇంట్లో స్థానం దక్కలేదు. ఇంట్లో ఉండనిచ్చినందుకు చాకిరీ ఆమె చెల్లించిన అద్దె అయింది.

శ్రీపాద సంభాషణారచన ఇక్కడ కేవలం శైలీవిశేషం కాదు. ఇంటివారి మాటలన్నీ ఆజ్ఞలుగా ఆమెమీద పడుతుంటే, ఆమె బతుకు ఎటువంటిదో వర్ణన అక్కరలేకుండానే తెలుస్తుంది. శీర్షికలోని మంటలు కూడ ఆమె కాళ్ళక్రింది నేలనే సూచిస్తాయి. నిలువనీడ లేకపోవడమంటే పైన కప్పు లేకపోవడమే అనుకుంటాం; నిలబడటానికి నేల లేకపోవడమని ఈ కథ చెబుతుంది.

5. ‘గాలివాన’: ఎవరు ఎవరికి ఆశ్రయం?

పాలగుమ్మి పద్మరాజు (1915-1983) పశ్చిమ గోదావరిలో పుట్టి, కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసిన రచయిత. 1952లో ‘న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్’ నిర్వహించిన అంతర్జాతీయ కథానికల పోటీలో ద్వితీయబహుమతి పొందిన ‘గాలివాన’తో తెలుగు కథకు ప్రపంచంలో గుర్తింపు వచ్చింది. ఆ కథ నడిమధ్యలో ఒక ఇల్లులేని స్త్రీ ఉంది. ఆమెకు పేరు లేదు.

రావుగారు నియమాలమీద బతికే మనిషి. ఉపన్యాసమివ్వడానికి రైల్లో వెళుతున్నాడు. పెట్టెలోకి ఒక బిచ్చగత్తె వస్తుంది. ఆమె చొరవ, వాగుడు, నవ్వు అతనికి చిరాకు కలిగిస్తాయి. తక్కినవారు ఇచ్చినా అతను ఇవ్వడు. ఆ రాత్రి గాలివాన. చిన్న స్టేషనులో చిక్కుకుపోయిన రావు భయంతో వణికిపోతాడు. అదే స్త్రీ అతనికి ధైర్యం చెప్పి, తన ఒంటి వెచ్చదనంతో ఆ రాత్రి గడుపుతుంది. తెల్లవారి చూస్తే ఆమె చనిపోయి ఉంటుంది. ఆమె దగ్గర అతని పర్సూ, స్టేషను డబ్బూ కనిపిస్తాయి.

విమర్శలో ఈ కథ ఎక్కువగా రావు కథగా చదవబడింది. సిద్ధాంతానికీ జీవితానికీ మధ్య దూరం, ప్రకృతి ముందు నియమాల నిస్సహాయత, మానవస్పర్శతో కలిగిన మార్పు వంటివి చర్చకు వచ్చాయి. ఈ పఠనంలో ఆమె ఒక సాధనం: అతని కళ్ళు తెరిపించడానికి వచ్చి, పని ముగియగానే చనిపోయిన పాత్ర. దాత కథలో అర్థి సందర్భమయినట్టే, రావు పరివర్తనలో ఆమె సందర్భమయింది.

ఆమెవైపునుంచి చదివితే కథ బరువు మారుతుంది. గాలివాన రాత్రి రావు కూడ ఇల్లులేనివాడే. కాని అతనికి ఆ స్థితి కొత్త. ఆమెకు అది రోజూ ఉండేదే. ఏ గోడ నిలుస్తుంది, ఏ మూల గాలి తగలదు, భయపడ్డ మనిషిని ఎలా కుదుటపరచాలి అన్న జ్ఞానం ఆమెకు ఉంది, అతనికి లేదు. గ్రంథాలు చదివినవాడికి అక్కరకు రాని చోట వీధిలో నేర్చినది అక్కరకు వచ్చింది. ఆశ్రయం ఇచ్చేవారు ఇల్లున్నవారు, పుచ్చుకునేవారు ఇల్లులేనివారు అన్న సమీకరణం ఇక్కడ తలక్రిందులయింది. ఇల్లులేని స్త్రీ నిస్సహాయ అన్న మూసకు తెలుగు కథలో ఇంతకంటె బలమైన ఎదురుదెబ్బ అరుదు.

రైలుపెట్టెలో ఆమె ప్రవర్తనను కూడ ఈ వెలుగులో చూడాలి. ప్రయాణికులను పలకరించి, నవ్వించి, వారి స్వభావం పసిగట్టి అడగడం సోమరితనం కాదు. అది నేర్పు కావలసిన పని. గౌరవమైన పనులకు చేరువకాలేని మనిషి తన మాటనూ చనువునూ పెట్టుబడి చేసి సంపాదిస్తోంది. రావుకు చిరాకు కలిగించింది ఆమె పేదరికం కాదు, ఆమె సిగ్గుపడకపోవడం. జాలి కోరే బిచ్చగత్తె తలవంచుకుని ఉండాలని దాతృత్వం ఆశిస్తుంది. తలెత్తి నవ్వే బిచ్చగత్తెకు దానపాత్రతే పోతుంది.

ఇక దొంగతనం. పద్మరాజు ఆమెను దేవతను చేయలేదన్నదే ఈ కథలోని గొప్ప నిజాయితీ. మూసను కూల్చడానికి చాలామంది రచయితలు ఎంచుకునే సులువైన దారి మూసను తిరగవేయడం: బిచ్చగత్తె నిజానికి త్యాగమూర్తి అని చూపడం. అది కూడ మరొక మూసే. ఆమెలో ఆ రాత్రి ఇచ్చిన వెచ్చదనమూ ఉంది, తీసుకున్న డబ్బూ ఉంది. ఒకటి రెండవదాన్ని అబద్ధం చేయదు. లోకం ఆమెను దొంగగా మాత్రమే జమకట్టడం రావుకు భరించరానిదవుతుంది. అంతకుముందు ఒక్క కాసు ఇవ్వడానికి పాత్రత వెతికిన మనిషి, ఇప్పుడు పాత్రతతో పనిలేని ఒక బంధాన్ని గుర్తించాడు. మంచితనం నిరూపించుకుంటేనే ఆశ్రయానికి అర్హత అన్న భావనకు ఇదే జవాబు.

అయినా కథకు ఒక పరిమితి ఉంది. ఆమె చనిపోవలసి వచ్చింది. రావు బతికి, మారి, ఇంటికి పోవలసి వచ్చింది. ఆమె బతికి ఉంటే తెల్లవారాక వారిద్దరి మధ్య ఏ మాటలు నడిచేవో కథ చెప్పనక్కరలేకపోయింది. ఇల్లులేని స్త్రీని సాహిత్యం కరుణతో చూడటం నేర్చుకున్నా, ఆమెతో కలిసి మరునాటి ఉదయంలోకి నడవడం ఇంకా నేర్చుకోలేదనడానికి ఈ మరణం గుర్తు.

6. ‘మైదానం’: స్వేచ్ఛ అనే మరో మూస

రాజమండ్రిలో కొంతకాలం ఉద్యోగం చేసిన చలం ‘మైదానం’ (1927) నవలలో రాజేశ్వరి ప్లీడరు భర్తను విడిచి అమీర్‌తో వెళ్ళిపోతుంది. శీర్షికే ఇంటికి ప్రతిపదం. గోడలు, గడప, వంటిల్లు ఉన్న ఇంటికి ఎదురుగా ఆకాశం క్రింద బయలు. ‘లేచిపోయిన’ స్త్రీని నిందించే భాషకు ఆమె తన కథను తానే చెప్పుకుంటూ ఎదురునిలిచింది. ఇల్లు విడవడాన్ని పతనంగా కాక ఎంపికగా చెప్పిన గొంతు తెలుగులో అంతకుముందు ఇంత సూటిగా వినబడలేదు.

కాని ఈ నవలను నిరాశ్రయతకు ప్రతినిధిగా చదవడంలో ప్రమాదం ఉంది. ఆరుబయలు రాజేశ్వరికి సౌందర్యానుభవం. ఆమె వెనుక చదువు, కులం ఇచ్చిన ఆత్మవిశ్వాసం, కావాలంటే గుర్తుచేసుకోగల ఒక ఇల్లు ఉన్నాయి. వీధిలో పడుకునే కూలిస్త్రీకి ఆరుబయలంటే వాన, దోమ, రాత్రి వచ్చే మగవాడి భయం, బహిర్భూమికి చీకటిదాకా ఎదురుచూపు. ఊరికి వెలుపల వాడలో, తన పేర పట్టా లేని స్థలంలో తరతరాలు గడిపిన దళితస్త్రీకి గడప దాటడం తిరుగుబాటు కాదు, రోజుకూలికి వెళ్ళడం. కాబట్టి ఇల్లు విడిచిన స్త్రీని స్వేచ్ఛాప్రతీకగా మాత్రమే చూడటం కూడ ఆమె కథను దాచే మూసే. శ్రీపాద బాలిక ఇల్లు విడిచింది మైదానంకోసం కాదు, మరో ఇంటికోసం. ఆ కోరికను తక్కువగా అంచనావేయకూడదు.

7. ఆస్తి, చట్టం, చిరునామా

ఈ కథల్లోని స్త్రీలు ఇంటినుంచి అంత తేలికగా జారిపోవడానికి కారణం ఆ ఇల్లు ఏనాడూ వారిది కాకపోవడమే. 1856 చట్టం వితంతువుకు పునర్వివాహం చేసుకునే వీలు కల్పించింది గాని, అలా చేసుకుంటే మొదటిభర్త ఆస్తిలో ఉన్న హక్కును తీసివేసింది. 1937 చట్టం హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో జీవితకాలపు పరిమితహక్కు ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురిని వారసురాలిగా గుర్తించినా, అందులోని 23వ సెక్షను ఒక మెలిక పెట్టింది: కుటుంబం నివసించే ఇంటిని మగవారసులు పంచుకోదలచేదాకా ఆమె పంపకం అడగరాదు. అవివాహిత, వితంతువు, భర్త విడిచినది లేదా భర్తనుంచి విడిపోయినది అయితేనే ఆ ఇంట్లో ఉండే హక్కు. చేలో వాటా అడగవచ్చు. వంటింట్లో వాటా అడగరాదు. ‘ఆడ’పిల్ల లోకోక్తి చట్టభాషలోకి అనువాదమయితే ఇలాగే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5నుంచి వర్తించేలా కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమానహక్కు ఇచ్చి దేశానికి మార్గం చూపింది. కాని అప్పటికే పెళ్ళైనవారికి అది వర్తించలేదు. 23వ సెక్షను 2005లో గాని తొలగలేదు. అదే ఏడాది వచ్చిన గృహహింస నిరోధక చట్టం, ఇంటిమీద యాజమాన్యం లేకపోయినా కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కును స్త్రీకి గుర్తించింది. శ్రీపాద కథకూ ఈ సవరణలకూ మధ్య దశాబ్దాలు గడిచాయి. ఆ దశాబ్దాల్లో ఇల్లు కోల్పోయిన స్త్రీల కష్టాన్ని లోకం ‘తలరాత’ అన్నది. తలరాతలో ఎంతభాగం చట్టపుస్తకంలో ఉందో ఈ తేదీలు చెబుతాయి.

వీధికి చేరిన తరువాతి చట్టాల కథ వేరు. ‘పౌరహక్కుల ప్రజాసంఘం’ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2010లో పట్టణాల్లో రాత్రివసతిగృహాలు నెలకొల్పాలని ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి పథకం లక్ష జనాభాకు కనీసం వందమందికి వసతి ఉండాలని ప్రమాణం పెట్టింది. మరోవైపు యాచననిరోధక చట్టాలు అదే మనిషిని నేరస్థురాలిగా చూశాయి. బొంబాయి చట్టంలో యాచనను నేరంగా చూసే నిబంధనలను 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ నగరానికి సంబంధించినంతవరకు కొట్టివేసింది. ఒక చేత్తో వసతి, మరో చేత్తో శిక్ష: భాషలో కనిపించిన జాలీ నిందా అనే జంట ఇక్కడ ప్రభుత్వవిధానంగా కనిపిస్తుంది.

స్త్రీల పేరిట ఇళ్ళస్థలాల పట్టాలివ్వడం ఈ దిశలో ముఖ్యమైన మలుపు. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అటువంటి పంపిణీని తూర్పుగోదావరిలోని కొమరగిరిలో ప్రారంభించింది. స్త్రీ పేరు ఇంటికి తోడవడం భాషలోని ‘ఇల్లాలు’ను తిరగరాసే పని. అయితే పథకాలు సాధారణంగా కార్డునూ చిరునామానూ అడుగుతాయి. చిరునామా లేనిది కాబట్టే సాయం కావలసిన మనిషిని చిరునామా చూపమనడం పాతప్రశ్ననే కొత్తగా అడగడం.

8. జీవనకథనం చేసే పని

అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎలియట్ లీబో వాషింగ్టన్ పరిసరాల వసతిగృహాల్లోని స్త్రీల మధ్య ఏళ్ళు గడిపి 1993లో ఒక గ్రంథం వెలువరించారు. తామెవరో లోకానికి చెప్పమన్నదే దాని శీర్షిక సారం. ఆ స్త్రీలు ఇల్లులేకుండా ఉండడమన్న పనిని ఎంత శ్రమతో చేస్తారో అందులో కనిపిస్తుంది: సామాను దాచుకోవడం, స్నానానికి చోటు వెతకడం, రోజును గడపడం, స్నేహం నిలుపుకోవడం. సోమరితనం అన్న మాట ఆ వివరాల ముందు నిలవదు.

తెలుగులో ఇటువంటి కృషికి ఆదర్శం మనకు దూరంగా లేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధపోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే వినిపించింది. పోరాటంకోసం ఇల్లు విడిచిన ఆ స్త్రీలకు పోరాటం ముగిశాక తిరిగివెళ్ళే ఇల్లు ఏ రూపంలో ఉందన్న ప్రశ్న ఆ కథనాల్లో పదేపదే వినిపిస్తుంది. ఉద్యమచరిత్రలు వ్రాయనిది ఆ మాటల్లోనే దొరికింది. డెల్టా రేవులమీద, స్టేషన్లలో, వసతిగృహాల్లో ఉన్న స్త్రీల విషయంలోనూ తెలుగుశాఖలు, స్త్రీ అధ్యయన కేంద్రాలు ఇదే పద్ధతి అనుసరించవచ్చు.

అయితే రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, అడిగే ప్రశ్న. ‘ఎందుకు ఇల్లు విడిచావు?’ అన్న ప్రశ్నలో నేరవిచారణ ధ్వని ఉంది. ‘ఏ ఏ ఇళ్ళలో ఉన్నావు?’ అని అడిగితే పుట్టింటినుంచి కథ మొదలవుతుంది. రెండవది, కథను సాయానికి వెలగా మార్చకపోవడం. వసతికోసం, పింఛనుకోసం ప్రతి బల్లముందూ తన కష్టాన్ని కరుణ పుట్టేలా చెప్పుకోవలసివచ్చిన స్త్రీ, ఎదుటివారు ఆశించే మూసలోకే తన బతుకును కుదించుకుంటుంది. చెప్పడానికి ఎంత హక్కుందో చెప్పకపోవడానికీ అంతే హక్కు ఉండాలి.

9. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి. స్త్రీల నిరాశ్రయత వీధిలో మొదలుకాదు. అది చాలాసార్లు నిండు ఇంట్లోనే మొదలవుతుందని ‘అరికాళ్ళక్రింద మంటలు’ చూపింది. ఇల్లులేని స్త్రీ పుచ్చుకునేది మాత్రమే కాదు, ఇవ్వగలదని, ఆ ఇవ్వడానికి ఆమె పవిత్రురాలై ఉండనక్కరలేదని ‘గాలివాన’ చూపింది. ఇల్లు విడవడం ఎంపిక కావచ్చునని ‘మైదానం’ చెప్పింది. ఆ ఎంపిక అందరికీ అందుబాటులో ఉండదని దాని పరిమితులే చెప్పాయి. వ్యక్తి తలరాతగా కనిపించిన నష్టంలో ఆస్తిచట్టాల పాత్ర ఎంతో ఉంది.

ఈ మూడు రచనల్లో తన కథను తానే చెప్పుకున్నది రాజేశ్వరి ఒక్కతే. జట్కా ఎక్కిన బాలిక తోట చేరాక ఏమయిందో, పేరులేని ఆ బిచ్చగత్తె రైలెక్కకముందు ఎవరో మనకు తెలియదు. చదువుకున్న స్త్రీకి కథ చెప్పే గొంతు దొరికింది. చదువుకోని స్త్రీకి దొరకలేదు. డెల్టా తన అన్నదాతలను గౌరవంగా గుర్తుంచుకుంది. అన్నం తిన్నవారి పేర్లు కూడ వ్రాసుకున్ననాడు ఆ గౌరవం పూర్తవుతుంది. ఆ పేర్లు అడిగి తెలుసుకునే పనిని సాహిత్యపరిశోధన తన పనిగా స్వీకరించవలసి ఉంది.